మైన్‌పాట్‌కు విదేశీ ప్రభుత్వం ఎవరు?

2024 జులై 12న అమెరికా అధ్యక్షుడు బైడెన్ టిబెట్ మీద మరో చట్టానికి సంతకం పెట్టారు. టిబెట్ అనాదిగా తమదేనని చైనా చెప్పే మాట చరిత్రకు నిలవదని ఆ చట్టం అంటుంది. మన బౌద్ధ మిత్రులు చాలామంది సంబరపడ్డారు. అగ్రరాజ్యం ధమ్మం పక్షాన నిలబడిందని రాసినవాళ్లూ ఉన్నారు. టిబెటన్లకు మేలు చేసే మాట ఎవరి నోట వచ్చినా మంచిదే. మా అభ్యంతరం ఆ సంబరానికి కాదు, అది కప్పిపుచ్చే విషయానికి.

విదేశీ ప్రభుత్వాలు టిబెటన్ల అస్తిత్వాన్ని ఎలా కాపాడాలి అని చర్చ పెట్టినప్పుడల్లా మన చూపు వాషింగ్టన్ వైపో, జెనీవా వైపో పోతుంది. మా ఛత్తీస్‌గఢ్‌లో, సర్గుజా జిల్లా మైన్‌పాట్ కొండ మీద, 1960ల ఆరంభం నుంచి టిబెటన్ శరణార్థుల ఊరు ఒకటి ఉంది. ఫెండేలింగ్ అంటారు. అక్కడ పుట్టి, అక్కడ బడికి పోయి, అక్కడే ముసలివాడవుతున్న మనిషికి చట్టం దృష్టిలో విదేశీ ప్రభుత్వం ఏది? వాషింగ్టన్ కాదు. బీజింగ్ కూడా కాదు, దాన్ని ఆయన కంటితో చూసిందే లేదు. ఆయన్ను విదేశీయుడుగా నమోదు చేసి, ఆయన చేతికి కాగితం ఇచ్చేది ఢిల్లీ ప్రభుత్వం. అంటే మనం ఓట్లేసి ఎన్నుకునే ప్రభుత్వం. విదేశీ ప్రభుత్వ విధానం అనే ప్రశ్న మన గుమ్మం ముందే ఉంది.

భిలాయ్ నుంచి మైన్‌పాట్ పెద్ద దూరమేమీ కాదు. దుర్గ్‌లో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి అంబికాపూర్, అక్కడి నుంచి బస్సులో కొండెక్కడమే. సముద్రమట్టానికి వెయ్యి మీటర్లకు పైన ఉండే పీఠభూమి అది. పర్యాటక శాఖ వాళ్లు ఛత్తీస్‌గఢ్ సిమ్లా అని బోర్డులు పెడతారు. ప్రార్థన జెండాలు, మొనాస్టరీ, తివాచీలు, స్థానికులు టావూ అని పిలిచే పంట తెల్లటి పూలు - ఇవి ఫోటోల్లో బాగా పడతాయి. బాక్సైట్ లారీలు ఫోటోల్లో పడవు. టిబెటన్ల కాగితాల సంగతి అసలే పడదు. చలికాలం వస్తే రాయ్‌పూర్‌లోనూ, మన విశాఖ, విజయవాడ, హైదరాబాదుల్లోనూ వరసగా స్వెట్టర్ల దుకాణాలు వెలుస్తాయి కదా, మనం "నేపాలీలు" అని పొరపాటుగా పిలిచి బేరాలాడేది చాలావరకు ఈ టిబెటన్లతోనే.

మన దేశ విధానం ఎక్కడ మొదలైందో మనవాళ్లకు తెలియాలి. ఎందుకంటే దాన్ని మొదటే తప్పుబట్టిన కొద్దిమందిలో బాబాసాహెబ్ ఒకరు.

1954 ఏప్రిల్ 29న బీజింగ్‌లో భారత్, చైనా ఒక ఒప్పందం చేసుకున్నాయి. పేరుకు అది టిబెట్‌తో వ్యాపారం, రాకపోకల ఒప్పందం. ఆ కాగితంలోనే "చైనాలోని టిబెట్ ప్రాంతం" అన్న మాట మన ప్రభుత్వం తొలిసారి రాసిచ్చింది. టిబెటన్లను అడిగింది లేదు. పీఠికలో ఐదు సూత్రాలు పెట్టి వాటికి పంచశీల అని పేరు పెట్టుకున్నారు. మనం విహారంలో త్రిశరణం తర్వాత చెప్పుకునే పంచశీల, ప్రాణం తీయనని, దొంగిలించనని, అబద్ధమాడనని మాట ఇచ్చే పంచశీల, ఆ పేరును ఒక జాతి దేశాన్ని ఇంకొకరికి అప్పగించే కాగితం మీద అతికించారు.

అదే ఏడాది ఆగస్టు 26న రాజ్యసభలో విదేశాంగ విధానంపై చర్చ జరిగింది. బాబాసాహెబ్ లేచి ఈ పంచశీలనే పట్టుకున్నారు. పంచశీల బౌద్ధంలో ముఖ్యమైన భాగం, మావోకి దాని మీద నిజంగా నమ్మకం ఉంటే తన దేశంలోని బౌద్ధులను అలా చూస్తాడా అన్నది ఆయన ప్రశ్న. లాసాను చైనా చేతికి పోనివ్వడం ద్వారా చైనా సరిహద్దును మన గడప దాకా తెచ్చుకున్నామని కూడా హెచ్చరించారు. అప్పటికి ఆయన దీక్ష తీసుకోలేదు. నాగపూర్ ఇంకా రెండేళ్ల దూరంలో ఉంది. ఆ ఒప్పందం గడువు ఎనిమిదేళ్లు. 1962లో అది ముగిసిన కొన్ని నెలలకే యుద్ధం వచ్చింది. ఏప్రిల్ 14న పూలదండ వేసే నాయకుల్లో ఈ ప్రసంగం చదివినవాళ్లు ఎంతమంది ఉంటారో.

1959 మార్చి 10న లాసాలో తిరుగుబాటు. మార్చి 31న దలైలామా మన సరిహద్దు దాటారు. భిలాయ్‌లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించింది అంతకు రెండు నెలల ముందే, ఫిబ్రవరి 4న. ఆ ఏడాది అక్టోబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశంలో టిబెటన్ల మానవ హక్కులను గౌరవించాలని తీర్మానం పెడితే మన కర్మాగారం కట్టిచ్చిన సోవియట్ యూనియన్ వ్యతిరేకంగా ఓటేసింది. శరణు ఇచ్చిన భారత్ ఓటింగ్‌కు దూరంగా ఉండిపోయింది. అనుకూలంగా చెయ్యెత్తడానికి 1965 దాకా పట్టింది, అదీ చైనాతో యుద్ధం అయ్యాక. 2003లో వాజ్‌పేయి బీజింగ్ వెళ్లి టిబెట్ స్వయంప్రతిపత్తి ప్రాంతం చైనా భూభాగమని మళ్లీ ఒప్పుకుని వచ్చారు. పార్టీలు మారాయి, వాక్యం మారలేదు.

స్నేహ దేశాల గురించి భిలాయ్ వాళ్లకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. రష్యన్ ఇంజినీర్లు మాకు నిజంగానే మేలు చేశారు, ఇప్పటికీ ముసలి కార్మికులు ఆప్యాయంగా తలుచుకుంటారు. అయినా ఏ ప్రభుత్వమైనా తన లెక్క చూసుకునే వస్తుంది, లెక్క మారితే పోతుంది. అమెరికా సంగతీ అంతే. 1950ల చివర్లో, 60ల్లో టిబెటన్ గెరిల్లాలకు తుపాకులిచ్చి శిక్షణ ఇచ్చింది సీఐఏ. నిక్సన్ 1972లో బీజింగ్ వెళ్లి మావోతో చెయ్యి కలిపాడు. ఆ కాలంలోనే నేపాల్‌లోని ముస్తాంగ్‌లో ఉన్న ఆ గెరిల్లాలకు సాయం ఆగిపోయింది. 1974లో నేపాల్ సైన్యం వాళ్ల ఆయుధాలు దింపించింది.

తర్వాత చట్టాల కాలం వచ్చింది. 2002లో టిబెటన్ విధాన చట్టం తెచ్చి, విదేశాంగ శాఖలో టిబెట్ వ్యవహారాల ప్రత్యేక సమన్వయకర్త పదవికి చట్టబద్ధత ఇచ్చారు. 2018 చట్టం అమెరికన్లను టిబెట్‌లోకి రానివ్వని చైనా అధికారులకు వీసా ఇవ్వొద్దంది. 2020 డిసెంబరు చట్టం దలైలామా వారసుడి ఎంపికలో వేలుపెట్టే అధికారులపై ఆంక్షలు పెట్టమంది. లాసాలో అమెరికా దౌత్య కార్యాలయం తెరవాలని కూడా రాసుకున్నారు, అది ఇంతవరకూ తెరుచుకోలేదు. 2025 మార్చిలో కొత్త ప్రభుత్వం ఒక్క ఉత్తర్వుతో విదేశీ ప్రసారాల సంస్థను కుదించేసింది. వాయిస్ ఆఫ్ అమెరికా టిబెటన్ గొంతు మూగబోయింది. రేడియో ఫ్రీ ఏషియా టిబెటన్ వార్తలూ ఆ ఏడాదే ఆగిపోయాయి. టిబెట్ లోపల రహస్యంగా రేడియో వినే మనిషికి, చట్టపుస్తకంలో ఎన్ని వాక్యాలు ఉంటే ఏం లాభం?

అమెరికా చట్టాలు పనికిరానివని మేము అనడం లేదు. టిబెట్ లోపల జరుగుతున్నది అంత ఘోరమైనది. 2023 ఫిబ్రవరిలో ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధులు ముగ్గురు చెప్పిన మాట ప్రకారం దాదాపు పది లక్షల మంది టిబెటన్ పిల్లలు ప్రభుత్వ హాస్టల్ బడుల్లో ఉన్నారు, చదువంతా చైనీస్‌లో. ఇంటి భాష పిల్లల నోటి నుంచి జారిపోతోంది. తాషీ వాంగ్‌చుక్ అనే చిన్న దుకాణదారు, బడిలో టిబెటన్ భాష నేర్పండి అని ఒక అమెరికన్ పత్రిక వీడియోలో అడిగినందుకు 2016లో అరెస్టయ్యాడు. వేర్పాటువాదాన్ని రెచ్చగొట్టాడని ఐదేళ్ల శిక్ష వేశారు. ఖుర్సీపార్‌లో మన పిల్లలు తెలుగు అక్షరాలు కూడబలుక్కోలేకపోవడం మనకు బాధే. కానీ తెలుగు బడి కావాలని అర్జీ పెట్టినవాణ్ణి ఇక్కడ ఎవరూ జైల్లో వేయలేదు. 1995 మే నెలలో ఆరేళ్ల పిల్లవాణ్ణి, పంచెన్ లామాగా గుర్తించిన మూడు రోజులకే, తల్లిదండ్రులతో సహా ఎత్తుకుపోయారు. ఆ గెధున్ చోక్యి నీమాను ఇప్పటిదాకా ఎవరికీ చూపించలేదు.

వీటి మీద ప్రపంచం మాట్లాడాలి. కానీ టిబెటన్ అస్తిత్వం బతికి ఉన్నది ప్రపంచం మాటల వల్ల కాదు. 1959 తర్వాత మన దేశంలో వాళ్లకు దొరికిన నేల వల్ల. మైసూరు దగ్గర బైలకుప్పే, మైన్‌పాట్, ధర్మశాల - ఈ ఊళ్లలోని బడులు, విహారాల వల్ల. ఈ ఘనత నెహ్రూ ప్రభుత్వానికి ఇవ్వాల్సిందే, మేము దాన్ని తీసిపారేయం. ఇప్పుడు ఆ ఊళ్లే ఖాళీ అవుతున్నాయి. ప్రవాస పాలన యంత్రాంగం 2009లో లెక్క తీసినప్పుడు భారత్‌లో 94 వేల పైచిలుకు టిబెటన్లు ఉన్నారు, ఆ తర్వాత ఈ సంఖ్య తగ్గుతూ వస్తోంది. స్విట్జర్లాండ్ 1960ల్లో వెయ్యి మందిని తీసుకుంది, అమెరికా 1990 చట్టం కింద వెయ్యి వీసాలు ఇచ్చింది, కెనడా అరుణాచల్ నుంచి వెయ్యి మందికి చోటిస్తానంది. వెళ్లినవాళ్లకు అక్కడ పౌరసత్వం వస్తుంది. ఇక్కడ మూడు తరాలు పుట్టినా విదేశీయులే. కుర్రవాడు టొరంటో వైపు చూడక ఏం చేస్తాడు?

చట్టం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. లా చదివినవాళ్ల చాదస్తం అనుకున్నా సరే.

మన దేశంలో శరణార్థి చట్టం లేదు. 1951 నాటి అంతర్జాతీయ శరణార్థి ఒడంబడిక మీద మనం సంతకం చేయలేదు. 1946 నాటి విదేశీయుల చట్టం దృష్టిలో టూరిస్టూ, గూఢచారీ, ప్రాణభయంతో వచ్చినవాడూ ఒక్కటే. 2025లో ఆ పాత చట్టాలు తీసేసి వలస, విదేశీయుల చట్టం తెచ్చారు. దానిలోనూ శరణార్థి అన్న మాటకు నిర్వచనం లేదు. నమోదై ఉన్న టిబెటన్లకు కేంద్రం ఒక ఉత్తర్వు ద్వారా మినహాయింపు ఇచ్చింది. ఉత్తర్వు ఇచ్చిన కలమే ఉత్తర్వు తీసేయగలదు. 2014లో టిబెటన్ పునరావాస విధానం వచ్చింది. సెటిల్‌మెంట్ భూములకు లీజు పత్రాలు, రేషన్, ఉపాధి హామీ వంటి పథకాలు, ఉద్యోగాలకు అవకాశం ఇవ్వమని రాష్ట్రాలకు చెప్పింది. మంచి విధానమే. అయితే అది విధానం, చట్టం కాదు. కలెక్టరు ఆఫీసులో గుమాస్తా కాదంటే, నా హక్కు అని బల్ల గుద్దడానికి ఏమీ ఉండదు.

చట్టం ఉన్నచోట ఏమవుతోందో చూడండి. పౌరసత్వ చట్టం సెక్షన్ 3 ప్రకారం 1950 జనవరి 26 నుంచి 1987 జులై 1కి ముందు దాకా ఈ గడ్డమీద పుట్టినవాళ్లందరూ పుట్టుకతోనే పౌరులు. తల్లిదండ్రులు ఎవరన్నది అడగక్కర్లేదు (దౌత్యాధికారుల పిల్లల వంటి ఒకటి రెండు మినహాయింపులు తప్ప). అంటే మైన్‌పాట్‌లో తొలి పాతికేళ్లలో పుట్టిన ప్రతి బిడ్డా భారత పౌరుడే. ఎవరో ఇవ్వాల్సిన దానం కాదిది. 1986లో పుట్టిన నమ్‌గ్యాల్ డోల్కర్ అనే యువతికి పాస్‌పోర్టు నిరాకరిస్తే ఢిల్లీ హైకోర్టు 2010 డిసెంబరులో ఆమె పుట్టుకతోనే భారత పౌరురాలని తీర్పు చెప్పింది. 2014లో ఎన్నికల సంఘం ఇలాంటి వాళ్లను ఓటర్ల జాబితాలో చేర్చమంది. 2016లో అదే హైకోర్టు మరో కేసులో ఇదే మాట అందరికీ వర్తించేలా చెప్పింది. ప్రభుత్వం ఒప్పుకున్నట్టే ఒప్పుకుని 2017లో మెలిక పెట్టింది: పాస్‌పోర్టు కావాలంటే శరణార్థి కాగితాలు తిరిగి ఇచ్చేయాలి, టిబెటన్ సెటిల్‌మెంట్‌లో ఉండకూడదు, ప్రవాస పాలన యంత్రాంగం ఇచ్చే సౌకర్యాలు వదులుకోవాలి.

పుట్టుకతో వచ్చిన హక్కు కావాలంటే పుట్టిన ఊరు వదిలిపో అంటున్నారు. అమ్మ ఇల్లు, బడి, విహారం, పక్కింటి భాష వదిలేస్తేనే పౌరుడివి. అస్తిత్వం కావాలా, హక్కు కావాలా తేల్చుకో! చైనా ప్రభుత్వం టిబెటన్ పిల్లవాణ్ణి హాస్టల్లో పెట్టి వాడి భాష లాగేసుకుంటే అది దౌర్జన్యం అంటాం. మన ప్రభుత్వం చేస్తున్నది దౌర్జన్యం కాదు, రెండింటినీ ఒక గాటన కట్టడం అన్యాయం. కానీ ఫలితం ఒకే దిక్కుకు నడుస్తోంది, సెటిల్‌మెంట్ ఖాళీ అవుతోంది.

2019 పౌరసత్వ సవరణ చట్టంలో బౌద్ధులు అన్న మాట ఉంది. పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్గానిస్తాన్ నుంచి వచ్చిన బౌద్ధులకు అది వర్తిస్తుంది. ప్రపంచంలో అందరికీ తెలిసిన బౌద్ధ శరణార్థులు టిబెటన్లు. ఆ చట్టంలో వాళ్ల ఊసే లేదు. బౌద్ధుల పేరు ఎందుకు వాడుకున్నారో, ఎవరిని వదిలేయడానికి వాడుకున్నారో మన పాఠకులకు విప్పి చెప్పనక్కర్లేదు. టిబెటన్లను కూడా ఆ జాబితాలో చేర్చండి అని మేము అడగం. మతం చూసి ఆశ్రయం ఇచ్చే చట్టం బాబాసాహెబ్ రాజ్యాంగానికి తగదు. 1996లో అరుణాచల్‌లోని చక్మాల కేసులో, వాళ్లూ బౌద్ధులే, సుప్రీంకోర్టు 21వ అధికరణం పౌరులు కానివారి ప్రాణాలకూ రక్ష అని చెప్పింది. ఆ సూత్రాన్నే చట్టంగా మార్చండి అంటాం. అలాంటి చట్టం టిబెటన్‌తో పాటు శ్రీలంక తమిళుడికీ, బర్మాలో కాషాయం కట్టిన కొందరి విద్వేష ప్రచారం నడుమ ఇళ్లు కాలిపోయి వచ్చిన రోహింగ్యాకూ వర్తించాలి. ఈ మాట మన సమావేశాల్లో కొందరికి రుచించదు. మైత్రీభావన బౌద్ధుల దగ్గర మొదలై బౌద్ధుల దగ్గరే ఆగిపోతే దానికి కులం అని మన దగ్గర ఒక పాత పేరు ఉంది.

మనవాళ్లు ఎత్తే అభ్యంతరాలు రెండున్నాయి. మొదటిది: పాత టిబెట్ లామాల రాజ్యం, వెట్టి చేసే రైతులు ఉండేవాళ్లు, పునర్జన్మ పేరుతో పీఠాలు, ఇది మన నవయానం కాదు కదా అని. కాదు, నిజమే. పునర్జన్మ లామాల మీద మాకూ నమ్మకం లేదు. పాత టిబెట్‌లో దొరతనం ఉండేదన్నదీ నిజమే. మరి నిజాం రాజ్యంలో వెట్టి లేదా? దాన్ని తీసేయడానికి తెలుగు భాషను తీసేయాలని ఎవరూ అనలేదు. మానవ హక్కులు సిద్ధాంతం పరీక్షలో పాసైనవాళ్లకు ఇచ్చే బహుమతులు కావు. ఇంకో సంగతి. నాగార్జునుడు శాతవాహన రాజుకు రాసిన సుహృల్లేఖ సంస్కృత మూలం మన దగ్గర పోయింది, టిబెటన్, చైనీస్ అనువాదాల్లో మిగిలింది. ధాన్యకటకానికి చెందినవాడని హ్యుయాన్‌త్సాంగ్ చెప్పిన భావవివేకుని ప్రజ్ఞాప్రదీపం సంగతీ అంతే. నాగార్జునుని విగ్రహవ్యావర్తని సంస్కృత ప్రతిని 1930ల్లో రాహుల్ సాంకృత్యాయన్ టిబెట్ మఠంలోనే వెతికి పట్టుకున్నారు. 2006 జనవరిలో అమరావతిలో కాలచక్ర జరిగినప్పుడు వేలమంది టిబెటన్లు వచ్చింది అందుకే, ఆ నేలను వాళ్లు తరతరాలుగా గుర్తుపెట్టుకున్నారు. మనం మరిచిపోయిన మన ఇంటి సామాను పన్నెండు వందల ఏళ్లు భద్రం చేసినవాళ్లు వాళ్లు. ఆ భాష చచ్చిపోతే ఆంధ్ర బౌద్ధంలో సగం చదివేవాడు ఉండడు.

రెండో అభ్యంతరం: మన కష్టాలే మనకు చాలు, వాళ్లవి ఎందుకు? భిలాయ్‌లో ఈ మాట అనే హక్కు ఎవరికైనా ఉందంటే అది మనకే. ఇక్కడి తెలుగు దళితులు దాదాపు అందరూ కర్మాగారం పెట్టాక, అంటే 1955 తర్వాత శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్లే. కులధ్రువీకరణ పత్రం అడిగితే 1950కి ముందు మీ తాత ఇక్కడ ఉన్నాడా అంటారు. 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది అదే: రాష్ట్రం దాటితే ఆ హోదా వెంట రాదు. ఊరు దాటినా కులం మాత్రం వెంట వచ్చింది, కాగితం మాత్రం రాలేదు! 1990కి ముందు బౌద్ధులమైనందుకు ఎస్సీ హోదా పోగొట్టుకున్నదీ మనమే. నువ్వు ఎవరివో నీకు తెలుసు, నీ పక్కవాడికి తెలుసు, తెలియంది ఒక్క కౌంటర్ దగ్గర కూర్చున్నవాడికే. ఈ అవమానం తెలిసినవాడు మైన్‌పాట్ మనిషి చేతిలోని విదేశీయుడి కాగితం చూసి అది నా సంగతి కాదు అనలేడు.

అందుకే పార్లమెంటులో ఉన్న మన ప్రతినిధులను మేము అడిగేవి: మతం అడగని శరణార్థి చట్టం తేవాలి. దాని కోసం 2015లో శశి థరూర్ పెట్టిన ప్రైవేటు బిల్లు మూలపడి ఉంది, కనీసం దాన్ని దుమ్ము దులపండి. 2017 షరతులు రద్దు చేయాలి. 2014 విధానాన్ని ఉత్తర్వు స్థాయి నుంచి చట్టం స్థాయికి తేవాలి. పౌరసత్వం తీసుకోవాలా, శరణార్థిగానే ఉండి టిబెట్ మీద తమ హక్కు నిలుపుకోవాలా అన్నది వాళ్ల ఇష్టం. రెండు దారుల్లో ఏది ఎంచుకున్నా ఊరు వదలాల్సిన అగత్యం ఉండకూడదు.

పార్లమెంటు కదిలేలోపు మన లాయర్లు చేయగలిగింది ఒకటుంది. 1987 జులైకి ముందు మైన్‌పాట్‌లో పుట్టినవాళ్ల జనన ధ్రువపత్రాలు, బడి రికార్డులు ఒకచోట చేర్చాలి. ఆ తర్వాత 2004 డిసెంబరు 3కి ముందు పుట్టిన వాళ్ల పిల్లలు కూడా, తల్లిదండ్రుల్లో ఒకరు పౌరులైతే చాలు, సెక్షన్ 3 ప్రకారం పౌరులే. ఈ సంగతి చాలా కుటుంబాలకు ఎవరూ చెప్పలేదు. ఓటు కోసం ఫారం 6 నింపించాలి. నిరాకరిస్తే నోటిమాటగా కాదు, రాతపూర్వకంగా కారణం అడిగి తీసుకోవాలి. ఆ కాగితం చేతికొస్తే 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 24 కింద మొదటి అప్పీలు జిల్లా మేజిస్ట్రేటుకు, రెండోది రాష్ట్ర ముఖ్య ఎన్నికల అధికారికి. దుర్గ్, రాయ్‌పూర్ కోర్టుల్లో ప్రాక్టీసు చేసే మన ఉపాసకులు పదిమంది నెలకో ఆదివారం ఇస్తే ఒక్క ఏడాదిలో ఫెండేలింగ్ ఇల్లిల్లూ తిరిగి రావొచ్చు.